పాత కంప్యూటర్లో లినక్స్: బ్యాకప్, పునరుద్ధరణల చరిత్ర

సొంత అవసరాలకు తగ్గట్టు మలుచుకున్న లినక్స్ వ్యవస్థను ఉన్నదున్నట్టు నకలు తీసి దాచుకోవడం, డిస్కు పాడైతే ఆ నకలును అదే కంప్యూటర్లోకో మరో పాత కంప్యూటర్లోకో తిరిగి ఎక్కించడం ఈ వ్యాసం విషయం. వాడుకలో మొదటిది బ్యాకప్ తీయడం, రెండోది రీస్టోర్ చేయడం. వేగమైన ఇంటర్నెట్ ఉన్న ఊళ్లో ‘ఫార్మాట్ కొట్టేసి మళ్లీ ఎక్కిద్దాం’ అంటే పూటలో పని అయిపోతుంది. కొండల్లో అలా కుదరదు.

అల్లూరి సీతారామరాజు జిల్లా గూడెం కొత్తవీధి మండలంలోని సీలేరు అలాంటి చోటు. మాచ్‌ఖండ్ నది దిగువకు వచ్చి సీలేరు అనే పేరు తెచ్చుకుని శబరిలో కలుస్తుంది. ఆ నీటితో నడిచే ఎగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 240 మెగావాట్లు. కానీ గాలివానకు కొమ్మలు విరిగి లైన్ల మీద పడటం, కరెంటుతో పాటు సిగ్నలూ పోవడం ఏజెన్సీలో మామూలే. డిస్కు మీద రాత సాగుతుండగా కరెంటు పోతే ఫైళ్ల అమరిక చెదురుతుంది. తొలినాళ్ల ఈఎక్స్‌టీ2 పద్ధతిలో, కరెంటు వచ్చాక డిస్కునంతా మొదటి నుంచి చివరిదాకా పరీక్షిస్తే తప్ప కంప్యూటరు తెరుచుకునేది కాదు. 2001లో లినక్స్ కెర్నల్‌లో చేరిన ఈఎక్స్‌టీ3, చేయబోయే మార్పును ముందుగా చిట్టాలో రాసుకుంటుంది కాబట్టి ఈ బెడద చాలా తగ్గింది. డిస్కే పోతే మాత్రం చిట్టా ఏమీ చేయలేదు.

పోయేది ఏమిటన్నది ముందు చూడాలి. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో చోటు 1991లోనే దొరికింది. అయినా చాలా ఏళ్లపాటు లినక్స్ తెర మీద ఒత్తులు పక్కకు జరిగేవి, గుడింతాల దగ్గర చుక్కల సున్నాలు కనబడేవి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు, ఆ తర్వాత రెడ్‌హ్యాట్ అందించిన లోహిత్ తెలుగు ఈ లోటును కొంత తీర్చాయి. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ విద్యార్థులనూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులనూ కూడగట్టి, మొత్తం తెలుగులోనే కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పనిచేసింది. బడిపిల్లల పాఠాలకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్‌తో బాల స్వేచ్ఛనూ తయారుచేసింది. అయినా ప్రతి కంప్యూటర్లోనూ చేత్తో సరిచేసుకోవాల్సినవి కొన్ని మిగిలేవి. ఫాంట్ సంచయంలో వేసుకోవడం, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కుదుర్చుకోవడం, అక్షరదోషాల నిఘంటువులో సొంత మాటలు చేర్చుకోవడం అలాంటివే.

సీలేరు కొండల్లో ఈ చివరి పనికి విలువ ఎక్కువ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో మొదలుపెట్టిన బహుభాషా విద్యా కార్యక్రమంలో కువి, ఆదివాసీ ఒడియా, కోయ, కొండ, సవర వంటి భాషల్లో తెలుగు లిపితోనే వాచకాలు తెచ్చారు. కువి మాటలు టైపు చేసేవారి కంప్యూటర్లో, ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ రాని పదాల పట్టిక రోజూ కొంచెం పెరుగుతూ ఉంటుంది. ఫార్మాట్ కొడితే ఇంటర్నెట్‌లో మళ్లీ దొరకనిది ఆ పట్టికే. అందుకే బ్యాకప్‌ను యంత్రానికి చేసే మరమ్మతుగా చూస్తే సరిపోదు, మనిషి పడిన శ్రమను కాపాడే పనిగా చూడాలి.

టేపు నుంచి పెన్‌డ్రైవ్ దాకా

ఇందుకు వాడే పనిముట్లలో రెండు లినక్స్ కన్నా పాతవి. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ కోసం రాసిన ‘డీడీ’ 1974 నాటిది, ‘టార్’ 1979 నాటిది. టార్ అంటే టేపు భాండారం. అప్పట్లో నకళ్లు అయస్కాంత టేపుల మీదకు పోయేవి. డీడీ డిస్కులో ఏముందో చూడదు, మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా అలాగే దింపుతుంది. టార్ ఫైళ్లను ఒక్కొక్కటిగా తీసి, యజమాని ఎవరో, అనుమతులేమిటో రాసి మూటకడుతుంది. యూనిక్స్ పద్ధతిలో సెట్టింగులన్నీ మామూలు ఫైళ్లే కాబట్టి, మూటకట్టగలిగితే మొత్తం వ్యవస్థను కట్టేసినట్టే. 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్‌కు ఇదంతా పుట్టింటి సొత్తులా వచ్చింది.

1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ ‘ఆర్‌సింక్’ విడుదల చేశారు. రెండు చోట్ల ఉన్న ఫైళ్లను పోల్చి, మారిన భాగం మాత్రమే పంపడం దాని ప్రత్యేకత. నెట్ నత్తనడక నడిచే చోట ఇంతకన్నా ఉపకారి లేదు. 2000లో జర్మనీకి చెందిన క్లాస్ నాపర్ నాపిక్స్‌తో, డిస్కును తాకకుండా సీడీ నుంచే లినక్స్ నడపవచ్చని చూపించాడు. సుమారు 2 గిగాబైట్ల సాఫ్ట్‌వేర్‌ను కుదించి 700 మెగాబైట్ల సీడీలో ఇమిడ్చాడు. ఇక చెడిపోయిన కంప్యూటర్ను బయటి నుంచి లేపడం ఎవరికైనా వీలైంది. ఆస్ట్రేలియా నుంచి బ్యారీ కౌలర్ 2003లో తెచ్చిన పప్పీ లినక్స్ మరో అడుగు వేసింది. అది మొత్తంగా ర్యామ్‌లోకి ఎక్కుతుంది, మనం చేసుకున్న మార్పులన్నీ ఒక్క సేవ్ ఫైలులో ఉంటాయి. ఆ ఒక్క ఫైలును కాపీ చేస్తే బ్యాకప్ అయిపోయినట్టే. పాత కంప్యూటర్లకు ఇంతకన్నా తేలికైన దారి ఇప్పటికీ లేదని నా నమ్మకం.

తైవాన్‌లో తయారైన క్లోన్‌జిల్లా, డిస్కులో వాడిన భాగాన్ని మాత్రమే నకలు తీసి ఇమేజ్‌గా దాస్తుంది. ఒకే రకం కంప్యూటర్లు ఇరవై ఉన్న బడి ల్యాబుకు అది చక్కగా నప్పుతుంది. మామూలు పద్ధతిలో ఎక్కించే డిస్కు పాతదాని కన్నా చిన్నదైతే మాత్రం ఒప్పుకోదు. ఎంఎక్స్ లినక్స్‌లోని స్నాప్‌షాట్ మన వ్యవస్థనే మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోగల సీడీ ఇమేజ్‌గా మారుస్తుంది. 2017లో లినక్స్ మింట్ 18.3తో పాటు వచ్చిన టైమ్‌షిఫ్ట్ వ్యవస్థను నిన్నటి స్థితికి తిప్పుతుంది. కానీ అది మనం చెబితే తప్ప హోమ్ సంచయాన్ని దాచదు. కువి పదాల పట్టిక ఉండేది సరిగ్గా అక్కడే.

రీస్టోర్ దగ్గరే చిక్కులు

తీసిన నకలు వెనక్కి ఎక్కుతుందో లేదో ఎక్కించి చూస్తేనే తెలుస్తుంది. పాత పెంటియం 4లో కొత్తగా వేసిన డిస్కు ఉందనుకుందాం. లైవ్ సీడీతో తెరిచి, పార్టిషన్ చేసి, టార్ మూట విప్పుతారు. ‘న్యూమరిక్ ఓనర్’ అని చెప్పడం మరిచిపోతే ఫైళ్ల యజమానులు లైవ్ సీడీలోని పేర్ల ప్రకారం తారుమారవుతారు. తర్వాత ఏ పార్టిషన్ ఎక్కడ తెరుచుకోవాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలు తెరిచి డిస్కు గుర్తును మార్చాలి. 2006 ప్రాంతంలో ఐడీఈ డిస్కుల పేరు ‘హెచ్‌డీఏ’ నుంచి ‘ఎస్‌డీఏ’గా మారడంతో, పాత నకళ్లు ఎక్కించినవారి కంప్యూటర్లు లేవకుండా మొండికేశాయి. ప్రతి పార్టిషన్‌కు విడిగా ఉండే యూయూఐడీ సంఖ్య వాడుక అప్పుడే పెరిగింది. చివరికి గ్రబ్ అనే బూట్‌లోడరును డిస్కు మొదటి గడిలో రాయాలి. ఆ గడి 512 బైట్లు. అందులో 446 బైట్లు కంప్యూటరును లేపే కోడు, 64 బైట్లు పార్టిషన్ పట్టిక, మిగిలిన 2 బైట్లు ముగింపు గుర్తు. టార్ ఎంత జాగ్రత్తగా కట్టినా ఈ గడి మూటలోకి రాదు, ఎందుకంటే అది ఏ ఫైలులోనూ లేదు.

పెన్‌డ్రైవ్ కూడా మోసం చేస్తుంది. ఫ్యాట్32 పద్ధతిలో ఒక ఫైలు 4 గిగాబైట్లకు మించకూడదు, లినక్స్ అనుమతులూ నిలవవు. అందుకని ఫైళ్లను విడిగా కాపీ చేయకుండా టార్‌తో మూటకట్టి, ముక్కలు చేసి దాచుకోవాలి. డీడీతో ఇంకా జాగ్రత్త కావాలి. ఎక్కణ్నుంచి, ఎక్కడికి అన్న రెండు పేర్లు తారుమారైతే, ఖాళీ డిస్కు నకలు నిండు డిస్కు మీద పడుతుంది.

అన్నిటికన్నా చిన్న బ్యాకప్ ఒకటుంది: ఏయే సాఫ్ట్‌వేర్లు ఎక్కించామో చెప్పే జాబితా. డెబియన్ అనే లినక్స్ రకంలో అది కొద్ది కిలోబైట్లే. దాంతో పాటు సాఫ్ట్‌వేర్ ఎక్కించే పనిముట్టు ఆప్ట్ దించుకున్న డెబ్ ప్యాకేజీ ఫైళ్లనూ దాచుకుంటే నెట్ లేకుండానే మళ్లీ ఎక్కించుకోవచ్చు.

ఈ జాగ్రత్త అవసరం ఇప్పుడు పెరిగింది. లినక్స్ పుట్టిన 386 ప్రాసెసర్‌కే 2013లో వచ్చిన 3.8 కెర్నల్ మద్దతు తీసేసింది. 2017లో ఉబుంటు 32 బిట్ల డెస్క్‌టాప్ సీడీలు ఆపేసింది. 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ 13లో 32 బిట్ల పాత కంప్యూటర్లకు ఇన్‌స్టాలరే లేదు. అలాంటి కంప్యూటరు ఇంకా పనిచేస్తున్న చోట డెబియన్ 12 ఇన్‌స్టాల్ సీడీ ఇమేజ్‌నూ, డెబ్ ఫైళ్లనూ, హోమ్ సంచయం మూటనూ ఒకే పెన్‌డ్రైవ్‌లో కలిపి ఉంచుకోవాలి.