ఆకాశమునుండి చూచిన అడవి

‘సఫారి’ అను మాట మనకు పూర్తిగా పరాయిది కాదు. అరబ్బీ భాషలో ‘సఫర్’ అనగా ప్రయాణము. ఆ మాటయే ఉర్దూలో చేరి హైదరాబాదు వీథులలో నేటికిని వినవచ్చుచున్నది. అదే మాట అరబ్బు వర్తకుల ఓడలవెంట తూర్పు ఆఫ్రికా తీరమునకు పోయి, స్వాహిలి భాషలో ‘సఫారి’ అయినది. ఆ భాష మాటలాడువారికి ప్రయాణమేదైనను సఫారియే. బంధువుల ఊరికి పోవుటయు సఫారియే. దానికి వేట అనియు, వన్యమృగసందర్శనమనియు అర్థమును కల్పించినవారు తరువాత వచ్చిన తెల్లదొరలు.

నేడు ఆ మాట వినగానే సంపన్నులైన యాత్రికుల మనస్సున మెదలు చిత్రము వేఱు. బోట్స్వానా దేశమున మౌన్ అను చిన్న పట్టణము కలదు. అచటి విమానాశ్రయమునుండి పదిపన్నెండుగురికి మించి పట్టని చిన్న విమానములు పగలెల్ల లేచుచు దిగుచుండును. ప్రయాణికుడు తన సామానును 20 కిలోలకు మించకుండ మెత్తని సంచిలో సర్దుకొనవలెను. గట్టి పెట్టె విమానపు పొట్టలో ఇమడదు. కొంతసేపు ఎగిరిన పిమ్మట చెట్లనడుమ చదును చేసిన మట్టిబాట ఒకటి కానవచ్చును. విమానము దిగుటకు ముందే విడిదివారు మోటారుబండిలో ఆ బాట పొడవునను పోయి, మేయుచున్న జింకలను, చారల గుఱ్ఱములను అదలించి వత్తురు. ఆవల నీటియొడ్డున గుడారములు. వానిలో మెత్తని పఱుపులు, వేడినీటి స్నానము, విందుభోజనము. ఒక్క రాత్రికి వేయి డాలర్లు దాటు విడుదులు అచట పెక్కు కలవు.

ఇదియంతయు విలాసమే అని త్రోసివేయుటకు వీలులేదు. ఒకవాంగో నది సముద్రమును చేరదు. అంగోలా మెట్టభూములలో జనవరి, ఫిబ్రవరి మాసములలో కురిసిన వాన నెలల తరబడి మెల్లగా ప్రవహించి, బోట్స్వానాలో చినుకు పడని జూన్, జూలై, ఆగస్టు మాసములలో కలహారి ఇసుకనేలపై విసనకఱ్ఱవలె విచ్చుకొనును. ఆకాశమున మబ్బు లేదు, నేలపై వరద! ఆ నీటికై మృగములు చేరును. ఆ నీటిలోనే బాటలు మునుగును. చూడదగిన కాలమున చేరదగిన దారి యుండదు. కావున పెక్కుచోట్ల విమానమే గతి.

ఈ గగనయాత్ర ఎట్లు ఏర్పడినది? పైనుండి చూచిన కంటికి అడవి ఏమి చూపినది, ఏమి దాచినది? ఈ ప్రసంగమున మనము విచారింపదలచినది ఇదియే.

తొలిదినములలో సఫారి కాలినడక. వందలాది కూలీలు తలలమీద బరువులు మోయగా దొరలు తుపాకులు పట్టి నడచెడివారు. 1896లో మొంబాసా రేవున మొదలై 1901లో విక్టోరియా సరస్సును చేరిన రైలుమార్గము వేటకాండ్రకు రాచబాట యైనది. ఆ బాట వేసినవారు మన దేశపు కూలీలు. సుమారు 32,000 మంది ఒడంబడికపై వెళ్ళిరి. వారిలో దాదాపు 2,500 మంది ఆ పనిలోనే అసువులు బాసిరి. 1898లో సావో నదిపై వంతెన కట్టునపుడు రెండు సింహములు ఆ కూలీలను పొట్టనబెట్టుకొనిన కథ లోకప్రసిద్ధము. 1909లో అమెరికా అధ్యక్షపదవినుండి దిగిన థియొడోర్ రూజ్వెల్టు అదే రైలెక్కెను. కుమారుడు కెర్మిట్‌తో కూడి ఆయన ఆ యాత్రలో పడగొట్టిన మృగములు 512. అవి శాస్త్రపరిశోధనకును, ప్రదర్శనశాలలకును అనిరి. ఆనాడు అది కీర్తికరమైన కార్యము.

విమానము కూడ అడవికి తొలుత పోయినది వేటకొఱకే. 1930 ప్రాంతమున డెనిస్ ఫించ్ హాటన్ అను ఆంగ్లేయుడు ‘జిప్సీ మాత్’ అను చిన్న విమానమును సంపాదించి, కెన్యాలో ఏనుగుల మందలను పైనుండి వెదకుటకు పూనుకొనెను. 1931 మే 14వ తేదీన వోయి వద్ద ఆ విమానము కూలి మరణించెను. ఆ విద్యను కొనసాగించిన వనిత బెరిల్ మార్కమ్. పెద్ద దంతముల ఏనుగులు ఎచట నున్నవో ఎగిరి చూచి వేటకాండ్రకు తెలుపుట ఆమె వృత్తులలో నొకటి. 1936లో అట్లాంటిక్ మహాసముద్రమును తూర్పునుండి పడమటికి ఒంటరిగా దాటిన తొలి మహిళ ఆమెయే. మహాసాహసి, సందేహము లేదు. కాని ఆ అడవిలో ఆమె విమానము చేసిన పని వేటకుక్క చేయు పనియే.

పిదప తుపాకి స్థానమున కెమెరా వచ్చినది. 1933, 34 సంవత్సరములలో మార్టిన్ జాన్సన్, ఓసా జాన్సన్ అను అమెరికా దంపతులు నీటిపైనను నేలపైనను దిగగల రెండు విమానములతో ఆఫ్రికా అంతయు తిరిగిరి. ఒకదానికి చారల గుఱ్ఱపు చారలు, మఱొకదానికి జిరాఫీ మచ్చలు వేయించిరి. మందలు మందలుగా పరుగెత్తు మృగములను వారు పైనుండి చలనచిత్రములుగా తీసి లోకమునకు చూపిరి. 1948నుండి 1950వఱకు ఇంగ్లండునుండి దక్షిణాఫ్రికాకు పోవు నీటివిమానములు విక్టోరియా జలపాతమునకు ఎగువన జాంబెజీ నదిపై దిగెడివి. నేటి విలాస గగనయాత్రకు బీజము ఆ ప్రయాణములందే కనబడును.

ఇక జర్మను జంతుశాస్త్రజ్ఞుడు బెర్న్‌హార్డ్ గ్రిజిమెక్, ఆయన కుమారుడు మైఖేల్. టాంగన్యికాలో 1951లో సెరెంగెటి జాతీయవనము ఏర్పడినది. దాని యెల్లలు ఎచట నుండవలెనను వివాదము రేగినది. మృగములు ఎన్నియో, ఏ కాలమున ఎటు పోవునో తెలియకుండ ఎల్లలు గీయుట ఎట్లు? తండ్రికొడుకులు చారలు వేసిన డోర్నియర్ విమానమున 1958లో ఆ మైదానమును పట్టెలు పట్టెలుగా భాగించుకొని తక్కువ ఎత్తున ఎగురుచు లెక్కించిరి. తేలిన సంఖ్య దాదాపు 3,67,000. వలసపోవు మందలు కాగితముపై గీసిన గీతలను లక్ష్యపెట్టుట లేదనియు తేలినది. 1959 జనవరి 10వ తేదీన మైఖేల్ ఒంటరిగా ఎగురుచుండగా రాబందు ఒకటి రెక్కకు తగిలి విమానము కూలెను. అతని వయస్సు 24 సంవత్సరములు. ఇంగొరోంగొరో అగ్నిపర్వతబిలపుటంచున అతనిని సమాధి చేసిరి. ‘సెరెంగెటి నశింపరాదు’ అను అర్థము గల పేరుతో వారు తీసిన చిత్రమునకు 1960లో ఆస్కార్ బహుమతి లభించినది. విమానమునకు అడవిలో వేట కాక వేఱొక ధర్మము కలదని లోకమునకు బోధపఱచిన ఘనత ఈ తండ్రికొడుకులది.

అయితే ఈ చరిత్ర చదివినకొలది మాకొక సంగతి స్ఫురించినది. పైనుండి చూచువానికి మందలు కనబడును, నదులు కనబడును. భూమి మాత్రము నిర్జనముగా కనబడును. పశువుల వెంట నడచు కాపరి చుక్కవంటివాడు. వాని తాతలు త్రవ్విన బావి, వాని పశువులు ఎండకాలమున పోవు మేతబీడు, వానికి తెలిసిన దారి విమానమునుండి కానరావు.

ఆ నిర్జనత్వము కూడ ప్రకృతిసిద్ధము కాదు. 1887 ప్రాంతమున ఎఱ్ఱసముద్రతీరమున రిండర్‌పెస్ట్ అను పశువుల మహమ్మారి ప్రవేశించి, పదేండ్లలో ఖండపు దక్షిణాగ్రమువఱకు పాకినది. పెక్కుచోట్ల నూటికి తొంబది పశువులు చచ్చినవి. పశువులే ప్రాణముగా గల మసాయి జనులు కఱవున మలమల మాడిపోయిరి. ఆ తరువాత వచ్చిన దొరలు చూచినది మనుష్యులు, పశువులు తుడిచిపెట్టుకుపోయిన బీడు. వారు దానిని సృష్ట్యాదినుండి అట్లేయున్న అడవి యనుకొనిరి. 1959లో సెరెంగెటినుండి మసాయి జనులను ఇంగొరోంగొరోకు తరలించిరి. 2022నుండి ఇంగొరోంగొరోనుండియు వేలాది మందిని దూరపు మ్సోమెరాకు తరలించుచుండగా, తగవు న్యాయస్థానములకు ఎక్కినది.

చిత్రమేమనగా, సెరెంగెటి మృగములు పెరుగుటకు ముఖ్యకారణము కంచె కాదు, కాపరుల పశువులకు వేసిన టీకా. చుట్టుపట్ల పశువులకు టీకాలు వేయగా 1963 నాటికి ఆ రోగము వన్యమృగములను విడిచినది. 1961లో రెండున్నర లక్షలున్న విల్డెబీస్ట్ అను వలస మృగములు 1977 నాటికి 13 లక్షలైనవి. రోగక్రిమిని మేకలలో పెంచి, బలహీనపఱచి, టీకాగా వాడు పద్ధతి 1920లలో మన హిమాలయపాదమున ముక్తేశ్వర్ పరిశోధనాలయమున రూపొందినదని మనము స్మరింపదగును. 2011లో ఆ రోగము భూమిమీదనుండియే నిర్మూలనమైనట్లు ప్రకటించిరి. ఆకాశమునుండి లెక్కించినవారు ఒకరు. నేలపై పశువు మెడ పట్టుకొని నిలిచినవారు మఱొకరు. ఇరువురి శ్రమయు కలిసినగాని ఆ మందలు బ్రదుకలేదు.

నేలమీదివానిని మరువని ప్రయత్నములును జరిగినవి. నేటి జాంబియాలో లువాంగ్వా లోయయందు 1950లో నార్మన్ కార్ అను అటవీరక్షకుడు ఆ ప్రాంతపు పెద్దయగు న్సెఫూతో ఒప్పందము చేసికొని, కెమెరాలతో వచ్చు యాత్రికులకు విడిది కట్టించెను. వారిచ్చు రుసుము ఆ జనులకు చెందునట్లు ఏర్పాటు చేసెను. 1963లో ఒకవాంగో ప్రాంతపు బతవానా జనులు, రాజప్రతినిధిగా నున్న పులానే మొరెమి అను రాణి నాయకత్వమున, వేటకాండ్ర దాడినుండి తమ నేలను తామే అభయారణ్యముగా ప్రకటించుకొనిరి. అదియే మొరెమి వనము. ఆ కార్యముకూడ నిష్కళంకము కాదు. దానికై కొందఱు బుష్‌మన్ జనులు తమ తావులు విడువవలసి వచ్చినది. 1990లో బోట్స్వానా ప్రభుత్వము కొద్దిమంది యాత్రికులు, అధికమైన రుసుము అను విధానమును అవలంబించినది. చిన్న విమానములు, చిన్న విడుదులు, పెద్ద వెలలు వర్ధిల్లుటకు ఈ విధానమును కారణమే. 1996లో నమీబియా చేసిన శాసనము గ్రామసమాజములకు తమ నేలమీది వన్యమృగములపై హక్కునిచ్చినది.

చాద్ దేశపు జకూమా వనము చరిత్ర ఇంకను కఠినము. 2002లో సుమారు 4,000 ఏనుగులున్న ఆ వనమున, గుఱ్ఱములపై వచ్చిన దంతచోరుల వలన 2010 నాటికి 450 మాత్రమే మిగిలినవి. విమానములతో గస్తీ, కావలివారికి శిక్షణ సాగగా వధ తగ్గి, మరల పిల్లయేనుగులు కనబడసాగినవి. కాని 2012 సెప్టెంబరులో, ప్రాతఃకాల ప్రార్థనవేళ, ఆరుగురు కావలివారు దంతచోరుల తుపాకులకు బలియైరి. నేడు అచటికి చిన్న విమానమున పోవు యాత్రికుడు చూచు ప్రతి ఏనుగుగున్న వెనుక వారి ప్రాణములున్నవి.

2020లో మహమ్మారి వలన విమానములు నిలిచిపోయినపుడు ఆఫ్రికాయందు పెక్కు విడుదులు మూతపడినవి. వానిపై ఆధారపడిన కావలివారి జీతములకును, గ్రామముల రాబడికిని ముప్పు వాటిల్లినది. దూరదేశపు ధనికుని విలాసముపై ఒక అడవి బ్రదుకు వ్రేలాడుట ఎంత అపాయకరమో ఆనాడు తేటతెల్లమైనది. ఆ ధనము వలదనుట తేలిక. దానికి బదులు ఏమి యన్నది నేటికిని తెగని ప్రశ్న. ఆ విమానములను నిందించి లాభములేదు. విమానము చూపినదానిని మెచ్చుకొందము. అది దాచినదానిని మాత్రము నేలమీదివానిని అడిగి తెలిసికొనవలెను. సఫారి అను మాటను లోకమునకు ఇచ్చినవాడు అతడే కదా!