ఉత్తమపురుష సాక్ష్యము: మనోవ్యథా స్వీయచరిత్రములు

అనంతపుర మండలమున 1997 మొదలు 2000 వఱకు జరిగిన యాత్మహత్యలను గూర్చిన పోలీసు పత్రములలో పెక్కుచోట్ల మరణహేతువు ‘కడుపునొప్పి’ యని వ్రాయబడియున్నట్లు పత్రికారచయిత పాలగుమ్మి సాయినాథ్ 2001లో వెల్లడించెను. మృతులలో హెచ్చుమంది చిన్న కమతముల రైతులు. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానను నమ్మి వేరుసెనగ విత్తి, అప్పు చేసి బోరుబావులు త్రవ్వించి, నీరు గానక చెడిన మెరకనేల యది. 2004లో రాష్ట్రప్రభుత్వము 421వ సంఖ్యగల యుత్తరువుచే మృతుల కుటుంబములకు సాయ మేర్పఱచినప్పుడు భూమియు నప్పును విచారింపబడినవి. ఆ రైతునకు నిద్ర యెన్నినాళ్లు చెడినదో, ఇంటివారితో మాట యెప్పుడు మానినాడో యే పత్రమును దెలుపదు. అవి యన్నియు ‘అతడు’ అని ప్రథమపురుషమున నన్యులు వ్రాసినవి.

వైయాకరణులు ప్రథమ, మధ్యమ, ఉత్తమ పురుషములను ఈ క్రమముననే చెప్పుదురు. ‘నేను’ కడపట వచ్చును. మనోవ్యథలను గూర్చిన గ్రంథముల చరిత్రయు నించుమించుగా నిట్లే నడచినది. మొదట వైద్యులు వ్రాసిరి, పిమ్మట తలిదండ్రులు, తుదకు వ్యథ ననుభవించినవారు. 1908లో క్లిఫర్డ్ బీర్సు అను నమెరికావాసి పిచ్చియాసుపత్రులలోని తన వాసమును తానే వ్రాసి ప్రకటించుట దీని కపవాదము. ఆ మఱుసటియేటనే యచట మనోరోగుల మేలుకొఱకు జాతీయసంఘ మొకటి యేర్పడినది.

ఆటిజమును 1943లో బాల్టిమోరు వైద్యుడు లియో కానర్ పదునొకండుగురు పిల్లలయందు గుర్తించి వర్ణించెను. వారిలో మాటలు వచ్చినవారు తమ్ము ‘నీవు’ అని చెప్పుకొనుచుండిరి. వినిన సర్వనామమును విన్నట్లే మరల పలుకుటయే దీనికి గారణమని యాతని వివరణము. తెలుగున నీ లక్షణము మఱింత మఱుగున నుండును. మన క్రియ పురుషమును ప్రత్యయమునందే యిముడ్చుకొనును గదా. తల్లి ‘బువ్వ తింటావా?’ యని యడుగుచుండగా విన్న పిల్లవాడు తన కాకలియైనప్పుడు ‘బువ్వ తింటావా’ యనియే పలుకును. సర్వనామ మెచటను లేదు. ప్రత్యయ మొక్కటి మాఱవలసియుండి మాఱలేదు. బడిలో నుపాధ్యాయుడు దానిని వెక్కిరింపుగానో, వ్యాకరణదోషముగానో యెంచి బెత్తమెత్తుట కష్టము గాదు. పిల్లవాడు మాత్ర మన్న మడుగుచున్నాడు.

ఈ సర్వనామవ్యత్యయమునకే బ్రూనో బెట్టెల్‌హైమ్ 1967లో ‘ది ఎంప్టీ ఫోర్ట్రెస్’ అను గ్రంథమున వేఱర్థము గట్టెను. బిడ్డ తన యహమునే నిరాకరించుచున్నదట; దానికి మూలము తలిదండ్రుల విముఖతయట! కానరును తలిదండ్రుల శీతలస్వభావమును బ్రస్తావించి యీ వాదమునకు జోటిచ్చినవాడే. ఎందఱో తల్లు లీ నింద మోసిరి. ఆ 1967లోనే క్లారా క్లెయిబోర్న్ పార్క్ అను తల్లి తన కూతును బెంచిన విధమును ‘ది సీజ్’ అను పేర వ్రాసి ప్రకటించెను. ఆతడు శూన్యదుర్గ మనగా నామె ముట్టడి యనెను. లోపల నెవ్వరును లేని కోట నెవ్వరును ముట్టడింపరు. దినదినము చూచి వ్రాసిన యా తల్లి వ్రాత యెదుట సిద్ధాంతమున కన్న సాక్ష్యమే గట్టిగా నిలిచినది.

1986లో టెంపుల్ గ్రాండిన్ ప్రకటించిన ‘ఎమర్జెన్స్’ తో ఉత్తమపురుషము వచ్చినది. తన దేహము గట్టి యొత్తిడిని గోరుచుండినను, మనుష్యుల కౌగిలి మాత్రము తాళరాని వెల్లువగా మీదబడెడిదని యామె తెలిపెను. పశువులను గదలనీయక నిలుపు చట్రమును జూచి, యట్టిదానినే తనకు గల్పించుకొని యందు శాంతి పొందెను. గొడ్లకు మందు పట్టించు నాడు వానిని బిగించి నిలుపుట యెఱిగిన మెట్టపల్లెలవారి కీ మాట వింతగా దోపదు. ఎత్తుకొనగానే బిగుసుకొను బిడ్డను జూచి ‘నన్ను రోసినాడు’ అని కుమిలెడు తల్లి కీ యొక్క పుటయే చాల నుపకారము.

ఈ దక్షిణపీఠభూమిలోనే, మైసూరు బెంగుళూరులందు బాల్యము గడపిన టిటో రాజర్షి ముఖోపాధ్యాయుని ‘బియాండ్ ది సైలెన్స్’ 2000లో ఇంగ్లండున వెలువడినది. ఆతని తల్లి సోమ రూపొందించిన బోధనపద్ధతిని అమెరికాలోని వాక్చికిత్సకుల సంఘము 2018లో అంగీకరింపలేదు. తోడున్నవారి ప్రేరణము వ్రాతలో జొచ్చునని వారి యాక్షేపము. తాళపత్రములయందు కర్తృనిర్ణయము చేయువారి కిట్టి పరీక్ష క్రొత్తది గాదు. చేయి యెవరిది, పలుకెవరిది యని విడదీసి చూడకయే యీ పద్ధతి వ్రాతలను, తన నోట సభలలో నుపన్యసించు గ్రాండిన్ సాక్ష్యముతో సమానముగా నెంచుట తగదు.

కుంగుబాటును గూర్చిన గ్రంథములలో విలియం స్టైరన్ 1990లో ప్రకటించిన ‘డార్క్‌నెస్ విజిబుల్’ ముఖ్యము. వైద్యులు వాడు పేరు ఆ వ్యాధి తీవ్రతకు మిక్కిలి చప్పని దని యాతని ఫిర్యాదు. 1995లో ‘ఏన్ అన్‌క్వయట్ మైండ్’ వ్రాసిన కే రెడ్‌ఫీల్డ్ జేమిసన్ స్వయముగా మనస్తత్త్వశాస్త్ర విదుషి. తన యున్మాద విషాదములను దానే బయలుపఱచినది. చికిత్స చేయువారు ఈ రెంటిని జదువుట వ్యర్థము గాదు. తెలుగున పేరునకు గొఱత లేదు: విషాదము, దిగులు, బెంగ, చింత. పల్లెలలో నివి యేవియు వైద్యునియొద్ద జెప్పబడవు. తలబరువు, గుండెదడ, కడుపులో మంట చెప్పబడును. దిగులు చెప్పుకొన సిగ్గు. కడుపునొప్పికి సిగ్గు లేదు. ఆత్మహత్యాప్రయత్నము నేరముగా నుండిన కాలమున భయమును దోడైనది. కావున పత్రములలోని ‘కడుపునొప్పి’ మృతుని నోటి మాటయో, బంధువులు కప్పిపుచ్చిన మాటయో, వ్రాసినవాని యలవాటు మాటయో విడదీయుట కుపాయము లేదు.

1882 వఱకు అనంతపురము బళ్లారి మండలములోనిదే. ఆ బళ్లారిలోనే 1985 మొదలు బెంగుళూరి నిమ్‌హాన్స్ సంస్థ పల్లెవైద్యులకు, ఆరోగ్యకార్యకర్తలకు మనోవ్యాధులను గుర్తించుట నేర్పినది. 1996లో నారంభమైన జిల్లా మానసికారోగ్య కార్యక్రమమునకు మాదిరి యదియే. అనంతపురమున 1969లో నేర్పడిన గ్రామీణాభివృద్ధి సంస్థ బుద్ధివికాసము మందగించిన పిల్లలకు బడులు నెలకొల్పినది. ఇట్టి పనివారు నొప్పి యెచట నని యడిగిన పిమ్మట ‘రాత్రి నిద్రపోయితివా?’ యని మధ్యమపురుషమున నింకొక ప్రశ్న వేయుదురు. దానికి వచ్చు నుత్తరము, ‘లేదు, నేను నిద్రపోయి నెలయైనది’ అను నంతటిదైనను, రోగి నోటి మాటగానే వ్రాసికొనదగినది.