ఇరుసు, మర, చీల

బండి నెఱిగిన మీకు ఇరుసు విలువ నేను చెప్పవలసిన పని లేదు. కడచీల యూడిన బండికి చక్రము తన దారిని తాను పోవును. మోటారుకారునకును అదియే గతి. అచట కడచీలకు బదులుగా ఇరుసుకొనకు మరచుట్లు కోసి, వానిపై నట్టు బిగించి, ఆ నట్టు తిరిగి రాకుండ అడ్డముగా నొక సన్నని చీలను దూర్చి కొనలు విడదీసి వంచుదురు. నట్టు తలపై కోటబురుజులకు వలె గండ్లుండుటచే ఇంగ్లీషువారు దానిని కోట నట్టని పిలుతురు.

అయితే బండిచీల విఱిగినచో ఊరి కమ్మరి మఱొకటి సాగగొట్టి యిచ్చును. పాత కారు నట్టు విషయమున అట్లు కుదరదు. అది యే దేశమున, ఏ కాలమున పుట్టినదో తెలిసికొని దాని జాతి నట్టునే తేవలెను. ఇనుపముక్కలకు జాతిభేద మెట్లు వచ్చినదో నేడు మీకు విన్నవింతును.

వంద యేండ్లకు పైగా వెనుకకు పోయినచో, ఇంగ్లండులో ఏ కార్ఖానా మర ఆ కార్ఖానాదే. ఒకచోటి బోల్టునకు మఱొకచోటి నట్టు ఎక్కెడిది కాదు. మాంచెస్టరు నగరపు యంత్రశిల్పి జోసెఫ్ విట్‌వర్తు అనేక కార్ఖానాల బోల్టులను సేకరించి, కొలిచి, వాని సగటును తీసి, 1841లో ఒక పద్ధతిని ప్రకటించెను. మరపల్లమున 55 డిగ్రీల కోణము, శిఖరములు గుండ్రన. రైలు కంపెనీలు గైకొనుటచే ఆ పద్ధతి దేశమంతట వ్యాపించెను. అమెరికాలో విలియం సెల్లర్సు 1864లో ఫిలడెల్ఫియాయందు వేఱొక పద్ధతిని ప్రతిపాదించెను. గుండ్రని శిఖరములను కోయుట మిక్కిలి నేర్పుగలవారి పని. బల్లపరుపు శిఖరములును 60 డిగ్రీల కోణమును అయినచో సామాన్యపు పనివాడును కోయగలడని ఆతని వాదము. వాదము మంచిదే. కాని దానితో రెండు దేశముల నట్టులకు చుట్టఱికము తెగిపోయెను. ఫ్రాన్సు మొదలైన దేశములు మిల్లీమీటరు లెక్కను పట్టుకొని మూడవ త్రోవను పోయెను.

ఈ భేదము వలని కీడు ఎట్టిదో చూడుడు. అర అంగుళపు బోల్టునకు విట్‌వర్తు పద్ధతిలో అంగుళమునకు 12 చుట్లు. అమెరికా పద్ధతిలో 13. ఒకదాని నట్టు రెండవదానిపై కొంచెము తిరిగి బిగుసుకొని నిలిచిపోవును. పొరపాటు వెంటనే తెలియును. పావు అంగుళమున ఉభయులకును 20 చుట్లే. 3/8 అంగుళమున ఉభయులకును 16 చుట్లే. అచట నట్టు హాయిగా ఎక్కును. కాని కోణములు కలియవు గనుక బరువంతయు మరచుట్ల అంచుల మీదనే పడును. నా మతమున ఎక్కని నట్టుకంటె ఎక్కిన యీ నట్టే ప్రమాదకరము. ఇది తన దోషమును కొట్టములో గాక దారిలో చెప్పును.

మోటారుకార్లు వచ్చిన పిదప అదురునకు నట్టులు వదులగుచుండుటచే ఇంగ్లండులో 1908లో సన్ననిచుట్ల పద్ధతి యొకటి యేర్పడెను. అందు అర అంగుళమునకు 16 చుట్లు. పానాల సంగతి ఇంకను చిక్కు. ఇంగ్లీషు పానాపై వ్రాసిన అంకె బోల్టు లావును తెలుపును. అమెరికా పానాపై అంకె నట్టు రెండు ప్రక్కల నడిమి వెడల్పును తెలుపును. విట్‌వర్తు పావు అంగుళపు పానా వెడల్పు 13.3 మిల్లీమీటర్లు. నేటి కొట్టములలోని 13 మిల్లీమీటర్ల పానా ఆ నట్టునకు పట్టదు. 14 పానా జారి మూలలను గుండ్రన చేయును. మూలలు పోయిన నట్టును ఉలితో కొట్టి తీయుట నేను పెక్కుచోట్ల చూచితిని. ఆ దెబ్బలు ఇరుసు మరకును తగులును.

ఇక ఇరుసునొద్దకు వత్తము. 1908 నుండి 1927 వఱకు కోటిన్నరకు పైగా తయారైన ఫోర్డు మోడల్ టి కారును తీసికొందము. దాని వెనుక ఇరుసు కొనకు సన్నగిలి యుండును. చక్రపు నాభి ఆ సన్నని కొనపై నెక్కి, నడుమ నొక చిన్న ఉక్కుకీతో పట్టుబడి, నట్టుతో బిగియును. నట్టు వదులైనచో నాభి కదలి కీ తెగును. ఆ కారులో కాలితో నొక్కు బ్రేకు చక్రములలో లేదు, గేరుపెట్టెలో నున్నది. దాని బలము ఇరుసు ద్వారముననే చక్రములకు చేరవలెను. కావున కీ తెగిన క్షణమున కారును నడుపు శక్తితోపాటు ఆపు శక్తియు పోవును. వెనుక చక్రముల డ్రమ్ములను పట్టు చేతిబ్రేకు మాత్రము మిగులును. దిగుడు దారిలో నున్నవాని సంగతి ఊహించుకొనుడు. ఇరుసుపెట్టెలోని బాబిట్టు లోహపు ఉంగరములు నలిగి పొడియైనను ఇదే ఆపద. అందుచే మరమ్మతు తెలిసినవారు వానిని తీసి కంచు ఉంగరములను వేయుదురు.

నాభిని విప్పుటకు సుత్తి పనికిరాదు. ఇరుసుకొన చితికి మరచుట్లు చెడును. నాభి మరకు సరిపడు పుల్లరును బిగించి లాగవలెను. తిరిగి బిగించునపుడు నట్టు గండి చీలరంధ్రమునకు ఎదురుగా రానిచో వెనుకకు వదులు చేయరాదు; ముందునకే బిగించవలెను. ముందు చక్రములకు మాత్రము ఇది వర్తింపదు. అచట మిక్కిలి బిగించినచో బేరింగులు నలుగును గనుక చక్రము తేలికగా తిరుగునంత వఱకు వదలవలెను. ముందు ఇరుసున ఒకవైపు కుడిమర, రెండవవైపు ఎడమమర యుండును. నట్టులను తారుమారు చేయరాదు. చీల ఎప్పుడును క్రొత్తదే. ఒకమారు వంచిన తీగ మఱల వంగునపుడు విఱుగునని మీరెఱుగుదురు. బోల్టు మెఱుపును చూచి మోసపోరాదు. అమెరికా పద్ధతి బోల్టు తలపై మూడు గీతలున్న అది గట్టి ఉక్కు, ఆఱు గీతలున్న మఱింత గట్టిది. ఏమియు లేనిదానిని ఇరుసు కొఱకు కొనరాదు.

రెండవ ప్రపంచయుద్ధమున ఈ జాతిభేదము మిత్రరాజ్యములను మిక్కిలి బాధించెను. ఇంగ్లీషు విమానయంత్రమైన మెర్లినును 1941 నుండి అమెరికాలో తయారుచేసిన పాకార్డు కంపెనీ, ఇంగ్లీషు మరలనే కోయవలసి వచ్చెను. తుదకు 1948 నవంబరు 18వ తేదీన అమెరికా, బ్రిటను, కెనడా దేశములు 60 డిగ్రీల ఏకపద్ధతికి సంతకములు చేసినవి. అంతకు ముందు పుట్టిన కార్లు మాత్రము తమ పాత మరలతోనే యున్నవి.

వానిలో ఒక విచిత్రము కలదు. మోరిస్ కార్ల యంత్రములను చేసిన కవెంట్రీ కార్ఖానా మొదట హాచ్కిస్ అను ఫ్రెంచివారిది. అందలి పనిముట్లు మిల్లీమీటరు మరలనే కోయును. అయినను ఇంగ్లీషు గృహస్థుని పానా పట్టవలెనని బోల్టు తలలను విట్‌వర్తు కొలతకు చేసిరి. అట్టిచోట తల పానాకు సాక్ష్యము గాని మరకు సాక్ష్యము కాదు. దువ్వెన పండ్ల వంటి కొలతరేకును బోల్టుపై నానించి వెలుతురునకు పట్టి చూడవలెను. నడుమ సందు కానరాని రేకు దొరకిన పిమ్మటనే, దానిపై నున్న అంకెను వ్రాసికొని బజారునకు పోవలెను.