దేవరకొండ దుర్గము

మేళ్లచెరువు సున్నపురాతి నేలపై పెరిగి, పలకలు పలకలుగా చీలు రాతినే యెఱిగిన నావంటివానికి, నల్లగొండ సీమ పడమటి భాగమున గుండ్లపై గుండ్లు పేర్చినట్లు నిలిచిన దేవరకొండను చూచినపుడెల్ల, మనుష్యుడు చేయి వేయకమునుపే ప్రకృతి సగము కోటను కట్టి యుంచెనని తోచును. తక్కిన సగము రేచర్ల పద్మనాయకులది. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట వచ్చిన కల్లోలములో, జల్లిపల్లి కడ వారి యధిపతి సింగమనాయకుడు నిహతుడు కాగా, అతని కుమారులలో అనపోతానాయకుడు రాచకొండను, మాదానాయకుడు దేవరకొండను నెలవులుగా జేసికొని యేలిరి. ఏడు కొండలను కలుపుచు సాగిన ప్రాకారమును, దాని లోపలి కొలనులను, బావులను చూచినచో, ముట్టడిలో శత్రువుకంటె ముందు దప్పిక జయించునను నెఱుక ఆ కట్టించినవారికి పూర్ణముగా నుండెనని తెలియును.

ఇట్టి యెఱుకయే కనబడు ప్రాచీన దుర్గమొకటి, వర్బోలా యనునది, ఎస్తోనియా దేశమున కలదు. దాని గోడలు, చిత్రముగా, మా యూరి నేలలోనిదే యగు సున్నపురాతితో, అడుసైనను సున్నమైనను లేక పేర్చినవి. నడుమ లోతైన బావి. 1212లో నొవ్‌గొరోద్ రాజు మ్‌స్తిస్లావ్ దానిని ముట్టడించి, 700 నొగతల (నాటి రుష్యదేశపు నాణెముల) ద్రవ్యము పుచ్చుకొని మరలిపోయెను.

దేవరకొండకు 1459లో వచ్చిన ఆపద ధనముతో తీరునది కాదు. నల్లగొండలో తిరుగబడిన సికందర్ ఖానునకు పద్మనాయక (వెలమ) దొరలు తోడ్పడిరను కోపముతో, బహమనీ సుల్తాను హుమాయూను, తన సేనానులైన ఖ్వాజా జహానును నిజాముల్ముల్కును సైన్యముతో బంపెను. దేవరకొండ ప్రభువైన లింగమనీడు లోపల నిలిచి, ఓఢ్ర ప్రభువైన కపిలేంద్ర గజపతిని శరణు వేడెను. ఓఢ్ర సైన్యము వచ్చుచున్నదని విని, ఈ కొండల యిఱుకున గుఱ్ఱములు పనికిరావు, బయలునకు పోయి పోరుదమని నిజాముల్ముల్కు చెప్పగా, అది పిఱికితనముగా కనబడునని ఖ్వాజా జహాను త్రోసివేసెనట. చరిత్రకారుడు ఫెరిస్తా చెప్పిన కథ యిది. నాకు నమ్మదగినదిగానే యున్నది, ఏలయన ఆ లోయలో నిలిచి చూచిన వానికెవనికైనను గుఱ్ఱము అక్కడ భారమే యని తోచును. వెనుకనుండి గజపతి దండు తాకెను, ముందునుండి కోటలోనివారు ద్వారములు తెఱచి మీదపడిరి. బహమనీ సేన చెదరిపోయెను. సరియైన యాలోచన చెప్పినవానిపైననే ఖ్వాజా జహాను ఓటమి నేరమును మోపెను. మఱుసటి యేడు, 1460లో, ఓరుగల్లు కోటయు గజపతుల వశమయ్యెను.