చిరునామా లేని ఆసుపత్రి

భిలాయి సెక్టర్ 2లో ఎవరికైనా పెద్ద ప్రమాదం జరిగితే సెక్టర్ 9 ఆసుపత్రికి తీసుకెళ్తారు. దారి అందరికీ తెలుసు. ఆసుపత్రికి ఉండవలసిన మొదటి లక్షణం అదే కదా! కాని గెరిల్లా యుద్ధంలో ఆ లక్షణమే ప్రాణాలు తీస్తుంది. అందరికీ తెలిసిన చోటు శత్రువుకూ తెలుస్తుంది. మరి గాయపడినవారిని ఎక్కడ దాచాలి?

గాయం మాత్రం ఎవరి కోసమూ ఆగదు. తూటాతో పాటు మట్టి, గుడ్డపీలికలు శరీరంలోకి పోతాయి. కొన్ని గంటల్లోనే సూక్ష్మజీవులు పెరగడం మొదలవుతుంది. చనిపోయిన కండను ఎంత త్వరగా తొలగిస్తే రోగి బ్రతికే అవకాశం అంత ఎక్కువ.

ఈ చిక్కును కెనడా సర్జన్ నార్మన్ బెత్యూన్ చైనాలో ఎదుర్కొన్నాడు. అప్పుడు ఎనిమిదవ రూట్ సైన్యం జపాన్ సేనలతో పోరాడుతోంది. 1938లో అక్కడికి చేరిన బెత్యూన్, ఆపరేషన్ సామగ్రిని కంచరగాడిదలపై ఎక్కించుకుని యుద్ధరంగం దగ్గరికే వెళ్ళాడు. రైతుల ఇళ్ళే వార్డులయ్యాయి, గ్రామస్థులే రక్తదాతలయ్యారు. ఆపరేషన్ చేస్తుండగా వేలికి తగిలిన గాయం విషమించి 1939 నవంబరు 12న ఆయన మరణించాడు. పెన్సిలిన్ అప్పటికింకా వైద్యుల చేతికి రాలేదు. మన దేశం 1938లో చైనాకు పంపిన అయిదుగురు వైద్యులలో ఒకరైన ద్వారకానాథ్ కోట్నిస్ కూడా అదే సైన్యానికి సేవ చేస్తూ 1942లో 32 ఏళ్ళకే కన్నుమూశాడు. ఆయన పుట్టింది తెలుగు నేతగాళ్ళు ఎందరో స్థిరపడిన షోలాపూర్‌లో.

ఇదే చిక్కు 1946-51 తెలంగాణ సాయుధ పోరాటంలోనూ ఎదురయింది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత దళాలు గోదావరి, కృష్ణా తీరాల అడవులకు చేరాయి. అక్కడ తూటాకు మలేరియా తోడయింది. అన్నం, కబురు, దాపు అన్నీ ఊళ్ళ నుంచే అందాలి. దీన్ని గ్రహించిన ప్రభుత్వం కోయగూడేలను ఖాళీ చేయించి శిబిరాలకు తరలించింది. గూడెం కదిలితే గాయపడినవాడికి గంజి పోసే ఇల్లు ఉండదు. ఆ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకంలో చదవవచ్చు.

ఇక్కడ మీరు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఇలాంటి ఆసుపత్రికి గోడలు ఉండవు, మనుషులే గోడలు. దొరికిపోతే వారి గతి ఏమిటి?

గాయపడినవారికి సేవ చేసినందుకు ఎవరినీ వేధించరాదని, శిక్షించరాదని 1949 నాటి మొదటి జెనీవా ఒప్పందం 18వ అధికరణం చెబుతుంది. అయితే అది దేశాల మధ్య యుద్ధాలకే వర్తిస్తుంది. దేశం లోపలి యుద్ధాలకు వర్తించే 3వ అధికరణం గాయపడినవారికి సేవ అందాలంటుంది కాని, సేవ చేసినవారికి శిక్ష ఉండరాదని చెప్పదు. ఆ లోటును 1977 నాటి రెండవ అదనపు ప్రోటోకాల్ చాలావరకు పూడ్చింది. భారతదేశం అందులో చేరలేదు.

బెత్యూన్ పేరు, కోట్నిస్ పేరు చరిత్రలో నిలిచాయి. తలుపు తీసి గాయపడినవాడిని లోపలికి రానిచ్చిన వారి పేర్లు చాలావరకు ఎక్కడా నమోదు కాలేదు. వైద్యం మాత్రం ఆ తలుపు దగ్గరే మొదలయింది.