చదువు సొమ్ము - జామీను సంతకం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఉద్యోగ జీవితంలో చూసిన చరిత్ర ఏదైనా రాయమని కార్యదర్శి గారు కోరారు. ఉక్కు ఉద్యమం గురించి, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చిన రోజుల గురించి రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. నేను 1974 నుంచి 2011 వరకు రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. ఏటా జూన్, జూలై మాసాల్లో నా బల్ల మీద వచ్చిపడిన కాగితాల సంగతి మాత్రమే రాయగలను. ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, నివాస ధ్రువపత్రం, సాల్వెన్సీ సర్టిఫికెట్టు - ఇవన్నీ పిల్లల చదువుల కోసం వచ్చేవే. ఢిల్లీలోనో హైదరాబాదులోనో చట్టమో పథకమో మారిన సంగతి జి.ఓ. కాపీ మాకు చేరకముందే తెలిసేది. ఆఫీసు వరండాలో క్యూ పెరిగేది, లేదా ఉన్నట్టుండి మాయమయ్యేది.

ఈ కథ మా తరం కన్నా ముందే మొదలైంది. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్పులు 1944లో, అంటే బ్రిటిష్ వారి హయాంలోనే ప్రారంభమయ్యాయి. అప్పుడు డాక్టర్ అంబేద్కర్ గారు వైస్రాయి కౌన్సిల్‌లో సభ్యులు. 1948లో అవి షెడ్యూల్డు తెగల పిల్లలకు కూడా వర్తించాయి. తిరిగి కట్టవలసిన పని లేని సొమ్ము అది. ఆ సాయానికి అర్హత లేని పేదవాడికి మాత్రం ఊళ్లో షావుకారే దిక్కు.

1963లో కేంద్ర ప్రభుత్వం జాతీయ లోన్ స్కాలర్‌షిప్ పథకం తెచ్చింది. మన సభ్యుల్లో కొందరు దీనితో చదువుకున్నవారే. మార్కులు బాగా వచ్చి, ఇంట్లో గడవని పిల్లవాడికి సర్కారే వడ్డీ లేకుండా అప్పిచ్చేది. ఉద్యోగం వచ్చాక వాయిదాల మీద తీర్చాలి. అందులో నాకు బాగా నచ్చిన షరతు ఒకటుంది. అప్పు తీసుకున్నవాడు ఉపాధ్యాయ వృత్తిలో చేరితే, పనిచేసిన ప్రతి ఏడాదికీ అప్పులో పదో వంతు కొట్టేస్తారు. పదేళ్లు పాఠాలు చెబితే బాకీ చెల్లు. అమెరికాలో 1958లో, రష్యావారు స్పుత్నిక్ వదిలిన మరుసటి ఏడాది, విద్యార్థులకు అప్పులిచ్చే కేంద్ర చట్టం ఒకటి చేశారు. అందులో కూడా బడిపంతులుకు ఏడాదికి పదో వంతు మాఫీ ఉంది, కాకపోతే సగం వరకే. ఈ విషయంలో మనవాళ్లు వారికన్నా ఒక మెట్టు పైనే ఉన్నారు.

అయితే ఆ అప్పుకు బాండు రాయాలి, జామీను కావాలి. పరవాడ చుట్టుపక్కల పల్లెల్లో అప్పట్లో జామీనుకు పనికివచ్చే మనిషి ఎవరు? కరణం గారు, మునసబు గారు, లేకపోతే జీతం రాళ్లు నికరంగా వచ్చే మాష్టారో గుమాస్తానో. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇంకా సర్వీసు రెగ్యులరు కాకముందే, మా వీధివారు ఇద్దరు బాండు కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. సంతకం పెట్టాను. ఇద్దరూ మాష్టర్లయ్యారు, నా సంతకం మీదికి ఏ నోటీసూ రాలేదు.

అందరి విషయం అలా జరగలేదు. వసూలు జాబితాలు ఆఫీసులకు వచ్చేవి. చిరునామాకు వెళితే మనిషి ఉండడు. కలకత్తాలో ఉన్నాడంటారు, భిలాయిలో ఉన్నాడంటారు. "విచారించగా సదరు వ్యక్తి గ్రామమునందు లేడు" అనే వాక్యం ఎన్ని ఫైళ్లలో రాశామో! దేశమంతటా వసూళ్లు అంతంతమాత్రమే. 1991లో పథకాన్ని ఆపేశారు. వసూలు కాలేదు కనుక పథకమే చెడ్డదన్నవారు ఉన్నారు. నేను ఒప్పుకోను. జీతం బిల్లులో కోతపెట్టే ఏర్పాటు సరిగా చేసుకోలేకపోవడం మన యంత్రాంగం లోపం. పిల్లవాడి మీద వడ్డీ భారం వేయకుండా సర్కారు తానే అప్పిచ్చిన పెద్ద పథకం మళ్లీ నేను చూడలేదు.

ఈలోగా రాజ్యాంగమే మారింది. అంతవరకు రాష్ట్రాల జాబితాలో ఉన్న విద్య 1976లో 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోకి వెళ్లింది. అంటే కేంద్రమూ చట్టం చేయవచ్చు, రాష్ట్రమూ చేయవచ్చు. గుమాస్తా భాషలో చెప్పాలంటే ఒకే సబ్జెక్టుకు రెండు సెక్షన్లు అన్నమాట. దాని ఫలితం తరవాత చెబుతాను.

ఎనభైలలో ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలు పుట్టుకొచ్చాయి. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ 1983లో రాష్ట్రం చట్టం చేసింది. నిషేధం చట్టంలో ఉంది గాని, సీటుకు ఇంత అని బయట అందరికీ తెలుసు. చివరికి వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1993 ఫిబ్రవరి 4న ఉన్నికృష్ణన్ కేసులో తీర్పు వచ్చింది. ఆ కేసులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు చదువు ప్రాథమిక హక్కు అని చెప్పింది ఆ తీర్పే. వృత్తి విద్యా కాలేజీల్లో సగం సీట్లు ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు అన్నది కూడా అదే. ఎంసెట్‌లో ముందు ర్యాంకు వచ్చినవాడు సర్కారు కాలేజీ స్థాయి ఫీజు కడతాడు. తరవాతివాడు ఎక్కువ కట్టి ఆ లోటు పూడుస్తాడు.

మా ప్రాంతపు రైతు బిడ్డలు కొందరు ఆ ఫ్రీ సీట్లలో ఇంజనీర్లయ్యారు. నా ఉద్దేశంలో ఆ పద్ధతిలో ఒక తిరకాసు ఉంది. మంచి ర్యాంకు తెచ్చుకునేది ఎక్కువగా పట్నంలో కోచింగు తీసుకున్న పిల్లలు. కలిగిన ఇంటి పిల్లవాడు ఫ్రీ సీటులో, పొలం అమ్ముకున్నవాడి కొడుకు పేమెంట్ సీటులో కూర్చున్న ఉదాహరణలు నేనే ఎరుగుదును. 2002 అక్టోబరు 31న టి.ఎం.ఎ. పాయ్ కేసులో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పద్ధతిని కొట్టివేసింది. ఒక విద్యార్థి చదువు ఖర్చు ఇంకొక విద్యార్థి నెత్తిన వేయరాదన్నది. న్యాయమే. మరి పేదవాడి ఫీజు ఎవరు కట్టాలి? దానికి తీర్పులో పూర్తి జవాబు వెతికితే దొరకదు. అక్కణ్ణుంచి బరువు రెండు చోట్లకు వెళ్లింది. ఒకటి బ్యాంకు, రెండు రాష్ట్ర ఖజానా.

బ్యాంకు సంగతి ముందు. 2001లో రిజర్వు బ్యాంకు నమూనా విద్యా ఋణ పథకాన్ని అన్ని వాణిజ్య బ్యాంకులకూ పంపింది. దేశంలో చదువుకు ఏడున్నర లక్షలు, విదేశీ చదువుకు పదిహేను లక్షలు అప్పటి పరిమితి. నాలుగు లక్షల వరకు తాకట్టు అక్కర్లేదు, తల్లిదండ్రులు కూడా సంతకం చేస్తే చాలు. తరవాత సవరించిన నిబంధనల్లో, అది దాటితే మూడో మనిషి జామీను, ఏడున్నర దాటితే ఆస్తి తాకట్టు.

ఆ తాకట్టు దగ్గరే పరవాడ పరిస్థితి వేరు. ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగాక ఈ ప్రాంతంలో వేల కుటుంబాలు భూములు వదులుకున్నాయి. తరవాత సింహాద్రి విద్యుత్ కేంద్రం, ఫార్మా సిటీ వచ్చాయి. భూమి పోయినవారికి నష్టపరిహారం వచ్చింది, ఉక్కు నిర్వాసితుల చేతికి ఆర్ కార్డు వచ్చింది. ఆర్ కార్డు ఉద్యోగానికి ఆశ చూపే కాగితం, తాకట్టుకు పనికిరాదు. సాల్వెన్సీ సర్టిఫికెట్టు కోసం వచ్చిన ఒక పెద్దాయన నా బల్ల ముందు నిలబడి అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే. "బూమి సర్కారుకే ఇచ్చీసినాం గదా బాబూ, మళ్లీ బూమి కాయితం తెమ్మంతే నానేటి సేసేది?" సర్టిఫికెట్టు ఇవ్వాలంటే ఆస్తి ఉండాలి. రూలు ప్రకారం ఆయనకు నేను ఇవ్వగలిగింది ఏమీ లేదు. మనవడు డిప్లొమాతో ఆపేశాడు.

ఇక ఖజానా. 2008-09 నుంచి డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంటును ఎస్సీ, ఎస్టీలతో పాటు బీసీలకు, ఆర్థికంగా వెనుకబడిన ఇతరులకు పెద్దయెత్తున అమలుచేసింది. ఫీజు మొత్తం రాష్ట్రమే కాలేజీకి కడుతుంది. ఆ వేసవిలో మా ఆఫీసు వరండా తిరనాళ్లను తలపించింది. తాపీమేస్త్రీ కూతురు, కల్లుగీత కార్మికుడి కొడుకు ఇంజనీరింగులో చేరడం అంతకుముందు నేను అంతగా చూడలేదు. దానికితోడు కాలేజీలు కూడా పుట్టగొడుగుల్లా లేచాయి. కొన్నేళ్లలో ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగు కాలేజీలు ఏడు వందల దాకా చేరాయి.

ఇందాక అన్న రెండు సెక్షన్ల ఫలితం ఇక్కడ చూడండి. రాష్ట్రం రీయింబర్స్‌మెంటుకు బీసీలకు ఆదాయ పరిమితి లక్ష రూపాయలు. 2009-10 నుంచి కేంద్రం, చదివే కాలానికి బ్యాంకు వడ్డీ తానే భరించే పథకం పెట్టింది. దానికి పరిమితి నాలుగున్నర లక్షలు. ఇంట్లో ఒక పిల్లవాడికి రాష్ట్రపు కాగితం, ఇంకొకడికి కేంద్రపు కాగితం. లక్షన్నర వచ్చే కుటుంబం ఢిల్లీ లెక్కలో పేద, హైదరాబాదు లెక్కలో కాదు. రెండింటి మీదా తహశీల్దారు గారి ముద్ర ఒకటే.

రీయింబర్స్‌మెంటులో అసలు చిక్కు ఆ మాటలోనే ఉంది. ముందు ఖర్చు, తరవాత చెల్లింపు. ట్రెజరీ నుంచి సొమ్ము ఆలస్యమైతే ఆ మధ్యకాలం ఎవరు మోయాలి? మా తమ్ముడి కూతురు 2013లో ఇంజనీరింగు పూర్తి చేసింది. రెండేళ్ల బాకీ అరవై రెండు వేలు సర్కారు నుంచి రాలేదని కాలేజీవారు సర్టిఫికెట్లు ఆపారు. అమ్మాయికి ఉద్యోగంలో చేరే గడువు పది రోజులే ఉంది. తమ్ముడు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టి సర్టిఫికెట్లు విడిపించుకున్నాడు. పదకొండు నెలల తరవాత సొమ్ము మంజూరై, కాలేజీవారు అసలు తిరిగి ఇచ్చారు. ఈలోగా తమ్ముడు కట్టిన వడ్డీ పదమూడు వేల ఆరు వందల నలభై. అది ఏ జి.ఓ. కిందకీ రాదు. ఆ ఖర్చును ఏ పద్దులో రాయాలో, ముప్పై ఏడేళ్లు పద్దులు రాసిన నాకే తెలియలేదు.

అప్పటికే 2012లో కిరణ్‌కుమార్ రెడ్డి గారి ప్రభుత్వం బీసీ, ఈబీసీలకు రీయింబర్స్‌మెంటును ముప్పై అయిదు వేలకు పరిమితం చేసి, పదివేల లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు అన్నది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ ప్రభుత్వం ఫాస్ట్ పేరుతో 1956ను స్థానికతకు గీటురాయిగా పెట్టి, అభ్యంతరాలు, కోర్టు వ్యవహారం నడిచాక వెనక్కి తీసుకుంది. ఈ రెండేళ్లలో కాలేజీల్లో ఉన్న పిల్లలు చేరినప్పటి నిబంధన ఒకటి, పాసైనప్పటిది ఒకటి.

2020లో ఆంధ్రప్రదేశ్‌లో జగనన్న విద్యా దీవెన వచ్చింది. ఆదాయ పరిమితి రెండున్నర లక్షలకు పెరిగింది. 2021 నుంచి సొమ్ము కాలేజీకి కాక తల్లి బ్యాంకు ఖాతాలో వేశారు. తల్లి వెళ్లి ఫీజు కడితే, పాఠాలు ఎలా చెబుతున్నారని అడిగే హక్కు ఆమెకు ఉంటుందన్నది ప్రభుత్వ వాదన. ఆ ఆలోచనలో గౌరవం ఉంది. అయితే విడత ఆలస్యమైనప్పుడు కాలేజీవారు అంతకుముందు సర్కారును అడిగేవారు, ఇప్పుడు తల్లిని అడిగారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ నేరుగా కాలేజీలకే చెల్లించాలని నిర్ణయించారు. పన్నెండేళ్ల కిందట మా తమ్ముడు నిలబడిన ఆ కౌంటరు ముందు ఎవరు నిలబడతారో విడత పడే తేదీని బట్టి ఉంటుంది.

మన సభ్యుల్లో పిల్లలు అమెరికాలో స్థిరపడినవారు అక్కడి మార్పు గురించి అడుగుతున్నారు కనుక రెండు మాటలు. 2025 జూలై 4న అక్కడ సంతకమైన చట్టం ప్రకారం, పీజీ విద్యార్థులకు మొత్తం ఖర్చంతా ఫెడరల్ ప్రభుత్వం అప్పిచ్చే గ్రాడ్ ప్లస్ ఋణం 2026 జూలై 1 నుంచి కొత్తవారికి లేదు. పీజీకి లక్ష డాలర్లు, వైద్యం వంటి వృత్తి విద్యలకు రెండు లక్షల డాలర్లు పరిమితి. ఇది అక్కడి పౌరులైన మన మనవలకు వర్తిస్తుంది. ఇక్కడి నుంచి స్టూడెంటు వీసా మీద వెళ్లే పిల్లలకు ఫెడరల్ ఋణం మొదటి నుంచీ లేదు. వారి అప్పు విశాఖపట్నంలోని బ్యాంకులోనే పుడుతుంది, దాని మీద సంతకం తండ్రిదో తాతదో.

ఆ సంతకం గురించే ఇంత రాశాను. 2015లో కేంద్రం ఋణ హామీ నిధి పెట్టాక ఏడున్నర లక్షల వరకు మూడో మనిషి జామీను అవసరం తప్పింది. 2024 నవంబరు 6న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మిలో, ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థల్లో (మొదట 860) సీటు వస్తే తాకట్టు లేదు, జామీనూ లేదు. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉంటే పది లక్షల అప్పు వరకు, చదివే కాలంలో వడ్డీలో మూడు శాతం కేంద్రం ఇస్తుంది. ఏడాదికి లక్షమందికి ఈ వడ్డీ సాయం. జాబితాలో లేని కాలేజీలో చేరినవాడికి, పెద్ద మొత్తం అవసరమైనవాడికి పాత పద్ధతే. అప్పుడు గుర్తొచ్చేది నెలనెలా పెన్షను వచ్చే పెద్దాయనే.

మిత్రులు ఎవరైనా సంతకం పెట్టవలసివస్తే, సీటు వచ్చిన కాలేజీ ఆ జాబితాలో ఉందా అని బ్యాంకులో ముందుగా అడగండి. ఉంటే హామీదారుగా మీ సంతకంతో పని లేదు. లేకపోతే కాగితంలో మీ పేరు సహ ఋణగ్రహీతగా ఉందో, హామీదారుగా ఉందో చదవండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. మన పెన్షనును జప్తు కాకుండా 1871 నాటి పెన్షన్ల చట్టం కాపాడుతుంది. గ్రాట్యుటీతో కట్టుకున్న ఇంటిని కాపాడదు.