సావరిన్ అను మాట



ఆంగ్లభాషలో ‘సావరిన్’ అను నొక మాట కలదు. రాజు, సర్వాధికారి అని నిఘంటువులు దానికి అర్థము చెప్పును. దాని వర్ణక్రమములో పలుకబడని ‘జీ’ యను అక్షరమొకటి దాగియున్నది. పాఠశాలలలో పిల్లలు దానిని తరచు విడిచి వ్రాయుదురు; వ్యుత్పత్తి నడిగినచో వారిదే ఒప్పు!

ఈ పదమునకు మూలము లాటినులోని ‘సూపర్’. మన ‘ఉపరి’ శబ్దమునకు అది జ్ఞాతి. పైనున్నవాడు అనియే తొలి యర్థము. రాజు ప్రసక్తి అందు లేదు. ప్రాచీన ఫ్రెంచిభాష ద్వారా ఇంగ్లండు చేరిన పిమ్మట, రాజ్యపాలనమును తెలుపు ‘రెయిన్’ అను మాటతో దీనికి చుట్టరికము కలదని భ్రమించి లేఖకులు ఆ ‘జీ’ని చేర్చిరి. ‘రెయిన్’ మన ‘రాజ’ శబ్దపు వంశములోనిది. మిల్టను మహాకవి మాత్రము ఆ యక్షరము లేకుండ ‘సొవ్రన్’ అని వ్రాసెను.

1489లో ఏడవ హెన్రీ సింహాసనస్థుడైన తన రూపముతో బంగారు నాణెము వేయించగా దానికిని ఈ పేరే వచ్చినది. 1817లో క్రొత్తగా వెలువడిన సావరిన్లు మన దేశమునకును వచ్చినవి. 1918లో బొంబాయిలోనే ముద్రింపబడినవి. కంసాలి నోట అది ‘సవరను’ అయినది. నేడది ఎనిమిది గ్రాముల తూకము మాత్రమే.

రాజకీయములో ఈ మాటకై జరిగిన పెనుగులాట సామాన్యమైనది కాదు. బీరారు సీమ 1853లో కంపెనీ వారి వశమై, 1902లో శాశ్వతపు కౌలుగా మారినది. దానిని తిరిగి ఇమ్మని అడుగుచు నైజాము ఉస్మాన్ అలీఖాను 1925లో, తన రాజ్యపు లోపలి వ్యవహారములలో తాను ఆంగ్లప్రభుత్వముతో సమానుడనని వ్రాసెను. 1926 మార్చిలో రాజప్రతినిధి రీడింగు ప్రభువు, భారతదేశమున సార్వభౌమత్వము ఆంగ్లరాజునకే చెల్లుననియు, ఏ సంస్థానాధీశుడును సమానుడుగా వాదింపజాలడనియు బదులిచ్చెను. ఇంత కటువైన ప్రత్యుత్తరము పొందినవాడు ‘విశ్వాసపాత్రుడగు మిత్రుడు’ అను బిరుదము మోయుచున్నవాడే! ఆంగ్లాధిపత్యము తొలగినతోడనే ఆ మాట తనకు మరల దక్కునని ఆయన 1947 జూనులో ఫర్మానా వెలువరించెను. 1948 సెప్టెంబరుతో ఆ వాదము ముగిసినది.

1949 నవంబరు 26న ఆమోదింపబడిన రాజ్యాంగపు ప్రవేశికలో ఈ మాట మరల కనబడును. తెలుగులో దానిని ‘సర్వసత్తాక’ అనిరి. వైయాకరణులు గమనింపవలసిన దేమనగా, అచట అది నామవాచకము కాదు, విశేషణము. విశేష్యము గణతంత్రము, వాక్యమునకు కర్త ప్రజలు.